యూనివర్సిటీకి వెళ్ళే సంతానం - తల్లిదండ్రుల బాధ్యత

ఇంటర్మీడియెట్ ఫలితాలు వెలువడిన నాటి నుంచి పిల్లలున్న ఇళ్ళల్లో ఒకటే హడావిడి. ఏ కోర్సు? ఏ కాలేజీ? ఫీజు ఎంత? హాస్టలు ఎక్కడ? ఇవన్నీ అడగవలసిన ప్రశ్నలే. కాని వీటి మధ్య అసలు ప్రశ్న ఒకటి మరుగున పడిపోతూ ఉంటుంది. రేపు మన కళ్ళ ముందు లేని బిడ్డకు కష్టం వస్తే, లేదా బిడ్డ వల్లే పొరపాటు జరిగితే, ఆ సంగతి మనకు చెబుతుందా? మన నుంచి దాస్తుందా? మొదటి సంవత్సరం ఎలా గడుస్తుందన్నది చాలావరకు దీని మీదే ఆధారపడి ఉంటుంది.

మన జిల్లాల పరిస్థితి

ఒకప్పుడు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల పిల్లలకు యూనివర్సిటీ అంటే వరంగల్‌లోని కాకతీయ, లేదంటే హైదరాబాద్‌లోని ఉస్మానియా. 2007లో జగిత్యాల దగ్గర నాచుపల్లిలో జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కాలేజీ వచ్చింది. 2008లో కరీంనగర్‌లో శాతవాహన విశ్వవిద్యాలయం, బాసరలో అందరూ ట్రిపుల్ ఐటీ అని పిలిచే ఆర్‌జీయూకేటీ ఏర్పడ్డాయి. అయినా నేటికీ ఎందరో పిల్లలు పెట్టె సర్దుకొని హైదరాబాద్ బస్సు ఎక్కుతూనే ఉన్నారు. బాసరలో పదో తరగతి తర్వాతే చేర్చుకుంటారు, ఆరేళ్ళ చదువు. అంటే పదిహేను, పదహారేళ్ళ వయసుకే ఇల్లు విడిచి ఉండాలి.

మన దగ్గర మరో ప్రత్యేకత ఉంది. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, నిర్మల్ వంటి చోట్ల ఎన్నో కుటుంబాల్లో తండ్రి గల్ఫ్‌లో ఉంటాడు. బిడ్డను కాలేజీలో చేర్పించే భారమంతా తల్లి మీదే పడుతుంది. అలాంటి తల్లులు అధైర్యపడనవసరం లేదు. ఇమామ్ బుఖారీ (రహ్మ) చిన్నతనంలోనే తండ్రిని కోల్పోయారు. పెంచి చదివించింది తల్లే. పదహారేళ్ళ వయసులో ఆయన తల్లితో, అన్నతో కలిసి హజ్ యాత్రకు వెళ్ళారు. హజ్ ముగిశాక విద్య కోసం మక్కాలోనే ఉండిపోయారు. తల్లి ఆయన్ని అక్కడ విడిచి, అంత దూరాన ఉన్న బుఖారాకు తిరిగి వెళ్ళింది. ఆ తల్లి గుండె ఎంత బరువెక్కి ఉంటుందో, నేడు బిడ్డను హాస్టల్లో దింపి వచ్చే తల్లికి వేరే చెప్పనక్కరలేదు.

హజ్రత్ యాఖూబ్ (అలై) ఆదర్శం

దివ్యఖుర్ఆన్‌లోని యూసుఫ్ సూరాలో తల్లిదండ్రులకు రెండు గొప్ప పాఠాలున్నాయి.

మొదటిది, బాలుడైన యూసుఫ్ (అలై) తనకు వచ్చిన వింత కలను మొట్టమొదట తండ్రికే చెప్పుకున్నారు. తండ్రి దాన్ని నవ్వి తీసిపారేయలేదు, కసరలేదు. పూర్తిగా విన్నారు. ముంచుకు రాగల ప్రమాదాన్ని ప్రేమగా హెచ్చరించారు. రెండవది, ఆ తర్వాత కొన్నేళ్ళకు కుమారులు ఈజిప్టుకు ప్రయాణమైనప్పుడు, అందరూ ఒకే ద్వారం గుండా కాకుండా వేర్వేరు ద్వారాల గుండా ప్రవేశించమని ఆయన జాగ్రత్త చెప్పారు. అదే నోటితో, అల్లాహ్ నిర్ణయం ముందు తన జాగ్రత్త నిలవదని, తాను ఆయన మీదే భారం వేశానని కూడా స్పష్టం చేశారు.

బిడ్డ మాట వినడం, తగిన ఏర్పాట్లు చేయడం, ఫలితాన్ని అల్లాహ్‌కు వదలడం - మన కర్తవ్యం ఈ మూడింటిలోనే ఇమిడి ఉంది.

ఏర్పాట్లు ముందుగానే

ఒంటెను కట్టి ఆ తర్వాతే అల్లాహ్ మీద భారం వేయాలని దైవప్రవక్త (సఅసం) బోధించారు (తిర్మిజీ). నేటి ఒంటెలు మన సర్టిఫికెట్లు! డిగ్రీ ప్రవేశాలు 2016 నుంచి 'దోస్త్' అనే ఆన్‌లైన్ పద్ధతిలో జరుగుతున్నాయి. దానికి ఆధార్‌తో ముడిపడిన ఫోన్ నంబరు అవసరం. ఆ నంబరు గల్ఫ్‌లో ఉన్న తండ్రిదైతేనో, ఎప్పుడో మూతపడిందైతేనో, చివరి రోజున పరుగులు తప్పవు. టీసీ, మెమోలు, స్టడీ సర్టిఫికెట్లు, బిడ్డ పేరిట బ్యాంకు ఖాతా ముందే సిద్ధం చేసుకోవాలి. 2007 నాటి చట్టం ప్రకారం బీసీ-ఇ కింద కొన్ని ముస్లిం వర్గాలకు 4 శాతం రిజర్వేషన్ ఉంది. దానికి అర్హులైనవారు కుల ధ్రువపత్రం కోసం కౌన్సెలింగ్ దాకా ఆగకూడదు. అసలు పత్రాలు ఎవరికి ఇచ్చినా జిరాక్సు కాపీలు మన దగ్గర ఉండాలి.

ఇక్కడే ఒక పరీక్ష ఎదురవుతుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు ఆదాయ ధ్రువపత్రం కావాలి. 'గల్ఫ్ జీతం ఎవరికి తెలుస్తుంది, తక్కువ రాయించండి' అని సలహా ఇచ్చేవాళ్ళు దొరుకుతారు. ఆలోచించండి! బిడ్డ యూనివర్సిటీ చదువుకు తొలి కాగితమే అబద్ధమైతే, రేపు ఆ బిడ్డ మనతో నిజమే చెప్పాలని ఏ ముఖంతో అడుగుతాం? పైగా ఆ సొమ్ము నిజంగా లేని ఇంటి బిడ్డకు చేరవలసిన హక్కు. అర్హత ఉంటే నిస్సంకోచంగా తీసుకోవాలి. లేకపోతే ఖర్చు తగ్గించుకోవాలి, దగ్గర్లోని కాలేజీని ఎంచుకోవాలి, బంధువుల వద్ద వడ్డీలేని చేబదులు అడగాలి. అబద్ధం మీద, వడ్డీ మీద నిలబెట్టిన చదువులో బర్కత్ ఆశించగలమా?

ఇంట్లోనే శిక్షణ

మన ఇళ్ళల్లో చాలామంది మగపిల్లలకు తిన్న కంచం కడగడం కూడా రాదు. దైవప్రవక్త (సఅసం) ఇంట్లో ఉన్నప్పుడు ఇంటివారి పనుల్లో పాలుపంచుకునేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలియజేశారు. కాబట్టి వెళ్ళేముందు ఒక నెల రోజులు బట్టలు ఉతుక్కోవడం, అన్నం పప్పు వండుకోవడం అలవాటు చేయాలి. ఒక నెల ఖర్చు చేతికిచ్చి లెక్క రాయించాలి. ఫజ్ర్‌కు అమ్మ లేపకుండా తానే లేవడం ఇంట్లోనే నేర్వాలి. ఇంట్లో లేవనివాడు హాస్టల్లో లేస్తాడా?

అమ్మాయిల విషయంలో భయపడి చదువే మాన్పించడం సరికాదు. విద్యార్జన ముస్లింలందరి విధి. తల్లి స్వయంగా వెళ్ళి హాస్టలు చూడాలి, వార్డెన్‌తో మాట్లాడాలి, రాకపోకల దారి చూసుకోవాలి. ర్యాగింగ్ గురించి పిల్లలందరికీ ముందే చెప్పాలి. అది మన రాష్ట్రంలో 1997 నుంచే చట్టరీత్యా నేరం. ఫిర్యాదుకు 1800-180-5522 నంబరు ఉంది.

తలుపు మూయకండి

ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, క్లాసులో ఇంగ్లీషు. మొదటి నెలల్లో పాఠం అర్థం కాక ఎందరో పిల్లలు లోలోపలే కుమిలిపోతారు. మొదటి సెమిస్టర్‌లో ఒకటి రెండు సబ్జెక్టులు పోవచ్చు. వాటిని మళ్ళీ రాసుకోవచ్చు. కాని 'మీ అబ్బా ఎడారిలో ఎండకు మాడి పంపిన డబ్బు ఇది' అని రోజూ గుర్తుచేసే ఇంటికి ఆ కబురు చెప్పే ధైర్యం ఏ బిడ్డకు ఉంటుంది? తండ్రి శ్రమ బిడ్డకు తెలియాలి. అది గుండెల మీద బండ కాకూడదు. 2019 ఏప్రిల్‌లో మన రాష్ట్ర ఇంటర్ ఫలితాల తర్వాత ఇరవై మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ విషాదాన్ని ఏ తల్లీ తండ్రీ మరువకూడదు.

అందుకే బిడ్డ బయలుదేరే ముందే ఈ మాట నోరారా చెప్పాలి: 'నువ్వు తప్పినా మా బిడ్డవే. సంగతి ఏదైనా ముందు మాకే చెప్పు. మేము కోప్పడినా వదిలేయం.' ఫోన్ చేసినప్పుడు మార్కులకన్నా ముందు తిండి, నిద్ర, నమాజు, స్నేహితుల గురించి అడగాలి. 'అమ్మీ, రెండు సబ్జెక్టులు పోయాయి' అని చెప్పిన రోజున మొదటి మాటగా నిజం చెప్పినందుకు మెచ్చుకోవాలి. మందలింపు తర్వాత. గల్ఫ్‌లో ఉన్న తండ్రులు కూడా వారానికొక్కసారైనా బిడ్డతో నేరుగా మాట్లాడాలి. బిడ్డ మాటలు తగ్గినా, నిద్రాహారాలు మానినా వెంటనే వెళ్ళి చూడాలి. అవసరమైతే డాక్టరుకు చూపించడంలో సిగ్గుపడకూడదు. మానసిక వేదనలో ఉన్నవారి కోసం ప్రభుత్వ ఉచిత ఫోన్ సేవ 14416 ఉంది.

అల్లాహ్ తప్పక ఆలకించే దుఆలు మూడని హదీసులో ఉంది: తల్లిదండ్రులది, ప్రయాణికునిది, పీడితునిది (అబూదావూద్). బిడ్డ ఇల్లు విడిచే వేళ వాటిలో రెండు ఒకే గడపలో కలుస్తాయి. తల్లిదండ్రులు బిడ్డ కోసం, ప్రయాణమైన బిడ్డ తల్లిదండ్రుల కోసం చేతులెత్తాలి. అల్లాహ్ మన పిల్లలకు ప్రయోజనకరమైన విద్యను, వారి మాట వినే ఓర్పును మనకు ప్రసాదించుగాక! ఆమీన్.