మొదటి లెక్క మొదలుపెట్టించడం ఎలా?



మార్కాపురం, కంభం, గిద్దలూరు ప్రాంతాల్లో పదో తరగతి దాకా వచ్చి, లెక్కల దగ్గరే చదువు ఆపేసి కూలికి వెళ్లినవాళ్లు మనందరికీ తెలుసు. అందుకే స్టడీ అవర్లో చిన్నవాళ్లకు లెక్కలు చెప్పే సీనియర్ల కోసం ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

లెక్కల పుస్తకం తీయమనగానే కొందరు పక్కవాణ్ణి గిల్లుతారు, ఎదురు తిరుగుతారు. మనం "పొగరు" అనేస్తాం. కొందరికి అది ప్రవర్తనా సమస్య. చాలాసార్లు దాని వెనుక తప్పు చేస్తానన్న భయం ఉంటుంది. అలాంటివాణ్ణి బయటికి పంపితే లెక్క తప్పిపోతుంది, అంటే అల్లరికి బహుమతి ఇచ్చినట్టే! రేపూ అదే చేస్తాడు. అందువల్ల కూర్చోబెట్టి మొదలుపెట్టించడమే అసలు పని.

1. తేలికవి ముందు: ఇష్టంగా చేసే చిన్న పనులు రెండు మూడు వరుసగా చెప్పి, ఆ వెంటనే ఇష్టంలేని పని చెబితే మొండితనం తగ్గుతుందని 1988లో అమెరికాలో మేస్ బృందం చూపింది. తర్వాత దీన్ని లెక్కలకూ వాడారు. తోపుడు బండిని కదిలించడమే కష్టం, కదిలాక అదే సాగుతుంది. ఉదాహరణకు మన మార్కాపురం పలకలే తీసుకుందాం. పెట్టెకు 12 పలకలు. 10 పెట్టెల్లో? 120. 5 పెట్టెల్లో? 60. ఇప్పుడు 15 పెట్టెల్లో? 180 అని వాడే చెబుతాడు.

2. ఎంపిక వాడిది: "ఈ ఎనిమిదిలో ఏవైనా ఐదు చెయ్యి" అనండి. తను ఎంచుకున్న పనిని ఎదిరించడం తక్కువ.

3. ముందు లెక్క, తర్వాత ఆట: ఇష్టమైన పనిని ఇష్టంలేని పని వెనుక ఉంచితే రెండోదీ జరుగుతుందని డేవిడ్ ప్రిమాక్ 1959లో వివరించారు. ఐదు లెక్కలు, ఆపై క్యారమ్స్. మాట ఇస్తే తప్పకండి. అన్నం మాత్రం ఎప్పుడూ షరతు కాకూడదు.

4. మెచ్చుకోలు: జవాబు వచ్చేదాకా ఆగకండి. పెన్ను పట్టగానే "భలే" అనండి.

కొట్టడం, అవమానించడం 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం నిషిద్ధం. ఎంత చెప్పినా అంకెలే తికమకపడుతుంటే వార్డెన్ గారికి, లెక్కల మాస్టారికి చెప్పండి. అది అభ్యసన వైకల్యం కావచ్చు. 2016 వికలాంగుల హక్కుల చట్టం దాన్ని గుర్తించింది.

తమ్ముళ్లారా, మొండివాడని ఎవరినీ వదిలేయకండి. ఈ రోజు వాడితో ఒక్క లెక్క మొదలుపెట్టించండి, చాలు.