సేవకుని లెక్కపుస్తకము

ఊరి చెరువును కాపాడవలెనని బయలుదేరిన మనుష్యునకు మొట్టమొదట కావలసినది ధైర్యమని పెద్దలు చెప్పుదురు; నేను మాత్రము లెక్కపుస్తకమని చెప్పుదును. జిల్లా కార్యాలయమున సమాచార హక్కు దరఖాస్తునకు రుసుము 10 రూపాయలే. పరిహారము కోరని అర్జీకి జాతీయ హరిత ట్రిబ్యునలు పుచ్చుకొనునది 1,000 రూపాయలే. కాని చెరువు హద్దుల పటమునకై తిరిగిన తిరుగుళ్లకు పట్టిన పెట్రోలు, జిరాక్సు కాపీలు, చెన్నైలోని ధర్మాసనమునకు రైలు ఛార్జీలు, నాగా పడిన పనిదినములు ఏ రసీదులోను కనబడవు.

మా చెరువు శిఖములో మట్టి పోసి ప్లాట్లు చేయుచున్న కాలమున, నా భార్య పాడిన చీటీ డబ్బు ఈ ప్రయాణములకే ఖర్చయినది. ఆమె ఒక్కమాటయు అనలేదు. ఆ మౌనము నన్ను నేటికిని నిద్రపోనీయదు.

1974లో ఫ్రాయిడెన్‌బర్గర్ అను మనస్తత్వవేత్త, న్యూయార్కులోని ఉచిత వైద్యశాలలో ఆదర్శముతో పనిచేయుచున్నవారు క్రమముగా నీరసించి, విసిగి, తుదకు ఆ పనినే ద్వేషించుటను గమనించి వ్రాసినాడు. మన ఊళ్లలో చెట్లకొఱకు, చెరువులకొఱకు తిరుగువారును ఇట్లే అలసిపోవుచున్నారు; అయినను అలసితినని చెప్పుకొనుట నామోషీ యనుకొందురు. ఏమి నామోషీ? ఇంటివారిని అడుగక వారి సొమ్మును దానము చేయు హక్కు నీకెవ్వరిచ్చిరి?

కనుక పుస్తకము తెఱచి, పుటకు మూడు నిలువు గడులు గీయుము. మొదటిదానిలో రూపాయలు, రెండవదానిలో గంటలు, మూడవదానిలో ఆనాడు ఇంటివారు వదులుకొన్నది వ్రాయుము. నా పుస్తకమున ఒకచోట “పాప కళ్లజోడు, వచ్చే నెలకు” అని యున్నది. ఏ రాత్రి పద్దు ఆ రాత్రియే వ్రాసి, ఆదివారము సాయంకాలము ఇంటిల్లిపాది యెదుట చదువుము. మఱుసటి వారమునకు ఎంతవరకు ఖర్చు చేయవచ్చునో హద్దు వారినే నిర్ణయింపనిమ్ము. మొదట గొంతు పెగలదు. పిమ్మట, ఇంతకాలమును ఒంటరిగా మోసిన బరువునకు ఇంటిలోనే మఱికొన్ని చేతులు కలవని తెలియును. కోటికి పైగా మొక్కలు నాటినాడని పేరొంది, 2017లో పద్మశ్రీ పొందిన ఖమ్మం జిల్లా రెడ్డిపల్లి వనజీవి రామయ్యకు, ఆయన భార్య జానమ్మ ఆ పనిలోనే తోడై నిలిచినది.

తక్కిన హితవులు ముక్తసరిగా చెప్పెదను: అధికారియొద్దకు ఒంటరిగా పోకుము, ప్రతి కాగితమునకు నకలుంచుము, బెదిరింపు వచ్చిననాడే వ్రాతమూలకముగా ఫిర్యాదిమ్ము, వేళకు భోజనము చేయుము.

ఇంటిలో చదివిన పద్దునే ఒకనాడు గ్రామసభలో చదివితిని. అంతవరకు “ఆయనకు పనిలేదు” అన్న ఆయకట్టు రైతులే తరువాతి వాయిదాకు రైలు ఛార్జీ సమకూర్చిరి. చెరువు నీటితో పైరు పండించుకొను సోదరులారా, మీ ఊరిలోను ఇట్టివాడొకడు తిరుగుచుండును. అతని పద్దు అడిగి చూడుడు, మీ వంతు చెల్లింపుడు.