సూరత్‌లో ఉండి వరంగల్ ఆకాశం చూస్తున్నారా?

లింబాయత్, ఉధ్నా వైపు మగ్గాల మీద బతికే తెలుగు కుటుంబాల పిల్లలు, కార్పొరేషన్ తెలుగు మీడియం బడుల పిల్లలు ఇప్పుడు ల్యాప్‌టాప్‌లోనో ఫోన్‌లోనో స్టెల్లేరియం లాంటి ప్లానెటేరియం సాఫ్ట్‌వేర్ తెరుస్తున్నారు. తెరవగానే వచ్చే మొదటి చిక్కు లొకేషన్. దాని చుట్టూ తరచూ వినబడే ప్రశ్నలివి.

లొకేషన్ అనుమతి ఇవ్వకపోతే సాఫ్ట్‌వేర్ పనిచేయదా?

హాయిగా పనిచేస్తుంది. ఆకాశాన్ని లెక్కగట్టడానికి దానికి కావలసింది అక్షాంశం, రేఖాంశం, సమయం. మీరెవరో, మీ ఇల్లెక్కడో దానికి అక్కర్లేదు. కంప్యూటర్ స్టెల్లేరియంలో ఎఫ్6 నొక్కితే లొకేషన్ కిటికీ తెరుచుకుంటుంది. ఊళ్ళ జాబితాలో సూరత్ అని వెతికి ఎంచుకోండి. లేదా అంకెలే కొట్టండి: ఉత్తరం 21.17, తూర్పు 72.83. టైమ్ జోన్ ఆసియా/కోల్‌కతా. ఇదే డిఫాల్ట్‌గా ఉండాలని టిక్ పెట్టడం మరవకండి. మరిస్తే మళ్ళీ తెరిచినప్పుడు పాత చోటికే పోతుంది.

ఇక్కడ చాలామంది జారే మెట్టు ఒకటుంది. పాత అట్లాసులో సూరత్ రేఖాంశం 72 డిగ్రీల 50 నిమిషాలని చూసి 72.50 అని కొట్టేస్తారు. యాభై నిమిషాలంటే డిగ్రీలో అరవైకి యాభై వంతులు, కాబట్టి కొట్టాల్సింది 72.83. 72.50 అంటే మీరు ఖంబాత్ సింధుశాఖ నీళ్ళలో నిలబడి చుక్కలు చూస్తున్నట్టు!

మా వీధి, మా మేడ దాకా చెప్పాలా?

అక్కర్లేదు. దశాంశం తర్వాత రెండంకెలు చాలు. అంటే సుమారు కిలోమీటరు తేడాలో మీ చోటు తెలిసినట్టే. సూరత్ అక్షాంశం దగ్గర తూర్పు పడమరలుగా కిలోమీటరు జరిగితే నక్షత్రం ఉదయించే వేళలో వచ్చే తేడా రెండు మూడు సెకన్లు. కంటితో చూసేవారికి అది లెక్కలోకి రాదు. ఫోన్లలోనూ ఈ సౌకర్యం ఉంది: ఆండ్రాయిడ్ 12 నుంచి, ఐఫోన్లలో ఐఓఎస్ 14 నుంచి, కచ్చితమైన లొకేషన్ ఆపేసి సుమారు లొకేషన్ మాత్రమే ఇవ్వవచ్చు. నక్షత్రాల యాప్‌కు నా సలహా ఎప్పుడూ అదే.

మినహాయింపు ఉంది. చంద్రుడు ఒక నక్షత్రాన్ని కప్పేసే క్షణం, అంతరిక్ష కేంద్రం సూర్యబింబం మీదుగా దాటే క్షణం, గ్రహణ మార్గం అంచు: వీటికి కిలోమీటరు కూడా పెద్ద విషయమే. 2009 జూలై 22 ఉదయం సంపూర్ణ సూర్యగ్రహణ మార్గం సూరత్ మీదుగా పోయింది, ముంబయికి పాక్షికమే దక్కింది. వానాకాలపు మబ్బుల సంగతి వేరే అనుకోండి.

ఊరు వరంగల్ అనే ఉంచేస్తే ఏం పోతుంది?

సొంతూరి మీద మమకారం కొద్దీ చాలామంది ఉంచేసేది అదే. వరంగల్ రేఖాంశం సుమారు 79.6. సూరత్‌కు తేడా ఆరున్నర డిగ్రీల పైమాటే. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున దాదాపు 27 నిమిషాలు. సాఫ్ట్‌వేర్‌లో ఇప్పుడే నడిమింటికొచ్చిన నక్షత్రం మీ మేడ మీద ఇంకో అరగంటకు గాని అక్కడికి రాదు. ధ్రువ నక్షత్రం వరంగల్‌లో సుమారు 18 డిగ్రీల ఎత్తులో, సూరత్‌లో 21 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. అగస్త్య నక్షత్రం లెక్క తిరగబడుతుంది: అక్కడ 19 డిగ్రీల దాకా లేచేది ఇక్కడ 16 దగ్గరే ఆగిపోతుంది. సూరత్ దుమ్ములో, దీపాల వెలుగులో ఆ మూడు డిగ్రీలు చాలా విలువైనవి.

మరి పంచాంగం?

తిథి ముగిసే క్షణం దేశమంతటా ఒకటే. సూర్యోదయం మాత్రం ఊరిని బట్టి మారుతుంది, ఏ రోజుకు ఏ తిథో తేల్చేది ఆ సూర్యోదయమే. తెలుగు పంచాంగం విజయవాడకో హైదరాబాద్‌కో గుణించినదైతే అందులోని సూర్యోదయం సూరత్‌కు నప్పదు. కేంద్ర ప్రభుత్వ రాష్ట్రీయ పంచాంగమైతే తూర్పు 82 డిగ్రీల 30 నిమిషాలు, ఉత్తరం 23 డిగ్రీల 11 నిమిషాలు ఉన్న బిందువును ఆధారం చేసుకుంటుంది. సాఫ్ట్‌వేర్‌లో సూరత్ పెట్టి సూర్యోదయం చూసుకుంటే వాదన చాలావరకు తగ్గుతుంది. పండగ ఏ రోజో మాత్రం మీ పురోహితుణ్ణే అడగండి. ఆయన పాటించే నియమాలు సాఫ్ట్‌వేర్‌కు తెలియవు.

ఏమీ అడక్కుండానే ముంబయి అని చూపిస్తోంది. ఇది నిఘానా?

సాధారణంగా కాదు. ఇంటర్నెట్ చిరునామాను బట్టి చేసిన ఊహ అది. మీ కనెక్షన్ ఏ ఊరి పేరున నమోదైతే ఆ ఊరు చూపిస్తుంది. ముంబయి అయితే రేఖాంశం దాదాపు సూరత్‌దే గనక నష్టం స్వల్పం, ఢిల్లీ అయితే పదిహేడు నిమిషాల తేడా. నెట్‌వర్క్ నుంచి లొకేషన్ తీసుకునే టిక్ తీసేయండి.

మన లొకేషన్ మీద చట్టప్రకారం మనకున్న హక్కేమిటి?

గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తేల్చింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది, దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. అయితే యాప్ కంపెనీల ప్రధాన బాధ్యతలు వెంటనే కాక, 2027లో అమల్లోకి వస్తాయి. ఆ చట్టం ప్రకారం సమ్మతి ఇవ్వడం ఎంత తేలికో వెనక్కి తీసుకోవడమూ అంతే తేలిక కావాలి. పద్ధెనిమిదేళ్ళ లోపు పిల్లలకైతే తల్లిదండ్రుల సమ్మతి కావాలి. మనకు పనికొచ్చేది ఇంకోటుంది: సమ్మతి నోటీసును రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలు భాషల్లో ఏదైనా ఎంచుకుని చదువుకునే వీలు కల్పించాలి. ఆ జాబితాలో తెలుగుంది. గుజరాత్‌లో ఉన్నాం గదా అని గుజరాతీయో ఇంగ్లీషో చదవాల్సిన పనిలేదు.

జీపీఎస్‌తో చోటు కొలిస్తే అనుమతి కావాలా?

ఫోన్ జీపీఎస్‌తో మీ మేడ అక్షాంశం చూసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. మ్యాపులు, లొకేషన్ డేటా సేకరణకు ముందస్తు అనుమతుల నిబంధనను కేంద్రం 2021 ఫిబ్రవరి 15నాటి మార్గదర్శకాలతో చాలావరకు ఎత్తేసింది. ఉపగ్రహం ద్వారా సందేశాలు పంపే పరికరాలు మాత్రం వేరే జాతి. లైసెన్సు లేకుండా వాటిని వాడితే నేరం. విదేశం నుంచి వచ్చే బంధువులకు ఈ మాట ముందే చెప్పి ఉంచండి.

బడిలో అన్ని కంప్యూటర్లకూ కాపీ చేసుకోవచ్చా?

కంప్యూటర్ స్టెల్లేరియం జీపీఎల్ లైసెన్సు కింద వస్తుంది. పెన్‌డ్రైవ్‌లో పంచినా తప్పులేదు. పంచేటప్పుడు సోర్సు కోడ్ దొరికే దారి కూడా చూపాలి. ఫోన్ యాప్ దారి వేరు, దాని షరతులు దానివే. నేలదృశ్యాల ఫోటోలకు విడి లైసెన్సులుంటాయి, ముద్రించే ముందు వివరణ చదవండి.

స్క్రీన్‌షాట్ పంపితే ఇల్లు తెలిసిపోతుందా?

మీరు పెట్టిన పేరును బట్టి ఉంటుంది. స్టెల్లేరియం కింది పట్టీలో చోటు పేరు, ఎత్తు కనిపిస్తాయి. కొత్త చోటు చేర్చేటప్పుడు సొసైటీ పేరు, ఫ్లాట్ నంబరు రాసి ఉంటే అవీ బొమ్మలోకి వస్తాయి. సూరత్ అని మాత్రమే రాయండి.