చిన్నమెదడుకు వచ్చు పక్షవాతము

పక్షవాతమనగానే మూతి వంకరపోవుట, ఒక కాలు, ఒక చేయి పడిపోవుట మనకు తోచును. కాలుసేతులు ఆడుచుండగనే పక్షవాతము రావచ్చునని మన గ్రామములలో పెక్కుమంది ఎరుగరు. పంచాయతీ సభ్యులు ఈ సంగతిని తెలిసికొని పదిమందికి తెలుపవలెనని మేము కోరుచున్నాము.

తల వెనుక భాగమున, పెద్దమెదడు క్రింద చిన్నమెదడు ఉన్నది. మనము తూలక నడుచుటకు, చూపు నిలుకడగా నుండుటకు ఇది ఆధారము. దీనికి రక్తము గొనిపోవు నాళము మూసుకొనినను, చిట్లినను మనిషికి ఉన్నట్టుండి తల తిరుగును, వాంతులగును. నిలువబోయిన ప్రక్కకు ఒరిగిపోవును. మాట ముద్దగా వచ్చును. కనుగ్రుడ్లు తమంతట తామే అదరుచుండును.

చెవిలోపలి దోషము వలన కూడ తల తిరిగి, కండ్లు అదరవచ్చును. అయితే అందు అదురు సాధారణముగా ఒకే దిక్కునకు ఉండును. కుడికి చూచినపుడు కుడివైపునకు, ఎడమకు చూచినపుడు ఎడమవైపునకు అదరినను, పైకి క్రిందికి అదరినను మెదడునే అనుమానింపవలెను. ఈ పరీక్ష వైద్యుని పని. ఆసరా లేక నిలువలేకపోవుటయే మనకు చాలినంత హెచ్చరిక.

ఇట్టి రోగికి పైత్యము చేసినదని నిమ్మరసమిచ్చి పరుండబెట్టుట కద్దు. ఇది ప్రమాదకరము. నాళములోని రక్తపుగడ్డను కరిగించు మందును సాధారణముగా వ్యాధి మొదలైన నాలుగున్నర గంటలలోపల ఈయవలెను. ఆ వేళ దాటినను ఆసుపత్రి తప్పదు. తరువాతి కొద్ది దినములలో చిన్నమెదడు వాచి, ఊపిరిని నడపు మెదడుకాండమును నొక్కవచ్చును. అపుడు శస్త్రచికిత్స వలననే ప్రాణము నిలువవచ్చును.

కావున సభ్యులు ఈ క్రింది విషయములను గుర్తుంచుకొనవలెను:

1. వెంటనే 108కి ఫోను చేయవలెను.

2. రోగిని ప్రక్కకు తిప్పి పరుండబెట్టవలెను. నోట నీరుగాని, మాత్రగాని వేయరాదు.

3. రోగి చివరిసారి బాగుగా నున్న వేళను గుర్తించి వైద్యునికి చెప్పవలెను.

4. మెదడును చిత్రము తీయు సి.టి. యంత్రముగల సమీపపు ఆసుపత్రి ఏదో ముందే విచారించి, పంచాయతీ కార్యాలయపు గోడపై వ్రాయించవలెను.

వ్యాధి వచ్చిన పిదప పరుగెత్తుటకంటె రాకుండ చూచుకొనుట మేలు. రక్తపుపోటు, మధుమేహము గలవారు మందు మానరాదు. చుట్ట, బీడీ విడువవలెను. పెద్దలందరు ఆరోగ్య ఉపకేంద్రమున రక్తపుపోటు చూపించుకొనునట్లు సభ్యులు ప్రోత్సహింపవలెను; ముందుగా తామే చూపించుకొనవలెను.