టేపు పక్కన పెట్టు

కోట్‌పల్లి

చిన్నా,

"అది నాతోని అయ్యే పని కాదు, ఆ చెక్కలు పొయ్యిల పెట్టుమను" అని మీ అమ్మకు ఫోన్ల చెప్పినవట. ప్లైవుడ్ పొయ్యిల పెట్టేది కాదు బిడ్డా. అండ్ల జిగురు ఉంటది, ఆ పొగ కండ్లకూ మంచిది కాదు, ఊపిరికీ మంచిది కాదు. కాబట్టి ఆ ముచ్చట అక్కడికే ఆపుదాం. ఇగ మిగిలింది బాగుజేసుకునుడే.

దసరాకు వచ్చి నువ్వు వసారాల వదిలిపోయిన వీడియో గేమ్ డబ్బా ముక్కలన్నీ నిన్న విప్పి చూసిన. ఐటీఐల పిల్లలకు వడ్రంగం పాఠాలు చెప్పి రిటైరైనోన్ని, చూడకుండ ఎట్లుంట? రెండు పక్క పలకలను కింది అంచూ వెనుక అంచూ కలిపి ఒకదాని మీద ఒకటి పెట్టిన. పైన తల దగ్గర సరిగనే కలిసినయ్. బటన్ల పలక కూర్చునే ఏటవాలు దగ్గరికి వచ్చేసరికి ఒక పలక రెండు సూత్‌లు బయటికి వచ్చింది. రెండు సూత్‌లంటే పావు ఇంచు. డబ్బా ఊగుతున్నదని నువ్వు ఏడ్చింది దీనికే. స్క్రూలు వదులైనయనుకొని నువ్వు బిగించుకుంట పోయినవు, బిగించినకొద్దీ డబ్బా మెలి తిరిగింది.

తేడా ఎక్కడ వచ్చిందో పలకలే చెప్తున్నయ్. ఒకదాని మీద గీత పెన్సిల్‌ది, సన్నగ ఉన్నది. ఇంకోదాని మీద మార్కర్ పెన్నుతో గీసినవు, గీతే అర సూత్ మందం ఉన్నది. మొదటిదాన్ని గీత ఇవతల కోసినవు, రెండోదాన్ని గీత మీదనే కోసినవు. కటింగ్ మెషిన్ బ్లేడు పోయిన దారిల దగ్గరదగ్గర ఒక సూత్ చెక్క పొడి అయితది. ఆ పొడి ఏ ముక్కల నుంచి పోవాలె అన్నది కోసే ముందే అనుకోవాలె. పనికొచ్చే ముక్క మీద ఒక గుర్తు పెట్టుకొని, బ్లేడు ఎప్పుడూ ఆ గీతకు అవతలి దిక్కే నడిపియ్యాలె.

అసలు సంగతి ఇంకోటుంది. నువ్వు ప్రతి ముక్కకూ టేపు తీసి కొత్తగ కొలిచినవు. కొలిచిన ప్రతిసారీ ఇంత తప్పు చేరుతది, ఎంత చెయ్యి తిరిగినోనికైనా. వడ్లాయన కొలిచేది ఒక్కసారి, తర్వాత ఒక ముక్క నుంచి ఇంకో ముక్కకు గుర్తు దించుకుంట పోతడు. రెండు పక్కలు సమానంగ ఉండాలె గాని, ఒక్కోటి ఇరవై నాలుగు ఇంచులే ఉండాలెనని ఎవరడుగుతరు? కాబట్టి ఇప్పుడు చిన్న పలకను మూలం చేసుకో. దాన్ని పెద్దదాని మీద పెట్టి క్లాంపులతో బిగించి, బేరింగ్ ఉన్న బిట్టు వేసిన ట్రిమ్మర్ మెషిన్‌ను చుట్టూ తిప్పితే పెద్దది చిన్నదాని అచ్చులకు దిగుతది. మెషిన్ లేకపోతే రెండింటినీ కలిపి బిగించి రందా పట్టు. టైం పడుతది, అంతే.

ఇంకోటి, ఒక రీపర్ ముక్క తీసుకొని దాని మీద కింది అర, బటన్ల పలక, టీవీ కూర్చునే చోటు, పైన బోర్డు, అన్నిటి ఎత్తులూ గీసి పెట్టుకో. ఆ కర్రనే రెండు పలకలకూ ఆనిచ్చి గుర్తులు పెట్టు. అట్ల చేస్తే అరలు ఒక దిక్కు పైకి, ఒక దిక్కు కిందికి పోవు. డబ్బా నిలబెట్టినంక మూల నుంచి మూలకు అడ్డంగ ఒక దారం పట్టి చూడు, ఆ రెండో మూలలకూ అదే దారం పట్టు. రెండూ సమానమైతే డబ్బా మూలమట్టంగ ఉన్నట్టు. స్క్రూలు గట్టిగ బిగించుడు ఆ తర్వాతనే.

స్క్రూల ముచ్చట వచ్చింది గాబట్టి చెప్తున్న. ప్లై అంచుల నేరుగ స్క్రూ దింపినవు, మూడు చోట్ల పొరలు ఇచ్చుకపోయినయ్. ప్లై అంచు స్క్రూను పట్టుకోదు, పొరల నడుమ నుంచి చీలుస్తది. లోపలి దిక్కు మూలలల్ల రీపర్లు పెట్టి, ఫెవికాల్ రాసి, ముందు సన్న రంధ్రం తొలిసి, అప్పుడు పలక మొకం నుంచి రీపర్‌లకు స్క్రూ దింపు. ఇచ్చుకపోయిన చోట్ల జిగురు ఎక్కించి క్లాంపు పెట్టిన, ఆరిపోతున్నయ్. ఆ టీవీని కూడా స్క్రూల మీద వేలాడదియ్యకు, కింద రీపర్ మీద కూర్చోవెట్టు.

అంచులు పెచ్చులూడింది నీ చేతుల తప్పు కాదు. కటింగ్ మెషిన్ పండ్లు కింది నుంచి పైకి కోస్తయి, పై మొకం లేస్తది. కాబట్టి మెషిన్‌తో కోసేటప్పుడు మంచి మొకం కిందికి పెట్టాలె. చేతి రంపమైతే ఉల్టా, మంచి మొకం పైకి. బటన్ల రంధ్రాలకు కూడా ఉపాయం ఉన్నది. హోల్‌సా నడిమి మొన అవతలికి పొడుచుకొచ్చే దాకా తొలిచి ఆపు, పలక తిప్పి ఆ చిన్న రంధ్రం నుంచి మిగతాది తొలువు. రెండు మొకాలూ నున్నగ వస్తయి.

బటన్లంటే యాదికొచ్చింది. చిన్నప్పుడు రూపాయి బిళ్లలు గుప్పిట్ల పట్టుకొని తాండూరుల ముస్తఫా ఆట ముందర నిలబడేటోనివి. దాని అసలు పేరు క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్ అని, క్యాప్‌కామ్ అనే జపాన్ కంపెనీ 1993ల చేసిందని ఇప్పుడు నువ్వు చెప్తే తెలిసింది. అండ్ల నలుగురిల ఒకని పేరు ముస్తఫా, మనోళ్లు మొత్తం ఆటకే ఆ పేరు పెట్టుకున్నరు. ఆ ఆటకు కొట్టేదొకటి, ఎగిరేదొకటి, రెండే బటన్లు. నువ్వేమో మనిషికి ఆరు తొలిసినవు. స్ట్రీట్ ఫైటర్ 2కు ఆరు కావాలంటున్నవు, సరే ఉండనీ. రంధ్రాలు తక్కువుంటే పలక గట్టిగుంటదని మాత్రం చెప్తున్న.

వెనుక పలకను జిగురు పెట్టి మూసేద్దామనుకున్నవట. వద్దు. నువ్వు పంపిన వీడియోల చూసిన, 1972ల అటారి ఇంజినీరు ఆల్ ఆల్‌కార్న్ పాంగ్ ఆటకు తొలి డబ్బా చేసినప్పుడు దుకాణంల దొరికే మామూలు టీవీనే చెక్క పెట్టెల పెట్టిండు. దాన్నొక బార్‌ల పెడితే కొన్ని రోజులకు ఆగిపోయింది, తెరిచి చూస్తే బిళ్లల డబ్బా నిండిపోయి ఉన్నది. అంత పేరున్న ఇంజినీరే తెరవాల్సి వచ్చింది, నీకు రాదా? వెనుక పలకకు బందులు పెట్టు. కిందొక జాలీ, పైనొక జాలీ వదులు, లోపల పెట్టే కంప్యూటర్ వేడి పోవాలె.

ఇగ మన ఇంటి సంగతి. దర్వాజ లోపలి వెడల్పు ముప్పై ఇంచులు. నీ డబ్బా ఇరవై ఎనిమిది, పడుతది. దానికి రెండు దిక్కులా పొడుచుకొచ్చే బటన్ల పలక పట్టదు. దాన్ని నాలుగు బోల్టుల మీద విప్పేటట్టు పెట్టు. మీ నాయిన దర్వాజ పీకనియ్యడు, ఆ ఆశ పెట్టుకోకు.

కింద పరిచినయ్ తాండూరు బండలు. ఒక బండకూ ఇంకోదానికీ ఎత్తు తేడా ఉంటది, డబ్బా సరిగ ఉన్నా ఊగుతది. తిప్పితే ఎత్తు మారే స్క్రూ కాళ్లు నాలుగు వెయ్యి. ఇవి ఊగకుండ ఉండేటందుకే కాదు. శుక్రవారం శుక్రవారం మీ అమ్మ బకెట్లు కుమ్మరించి ఇల్లు కడుగుతది. ప్లై అంచు నేల మీద ఆనితే నీళ్లు గుంజుకొని ఏడాదిల ఉబ్బుతది. ఇంచు ఎత్తున ఉంటే నువ్వు కొన్న ఐఎస్ 303 షీటే సరిపోతది, నీళ్లకు ఆగే ఐఎస్ 710 కోసం డబ్బులు పెట్టకు. వీడియోలల్ల వాళ్లు వాడే ఎండీఎఫ్ జోలికి మాత్రం పోకు, మన వానాకాలం వసారాకు అది ఆగదు. మిగిలిన షీట్లు గోడకు ఆనిచ్చి పోయినవు, ఒకటి ఇప్పటికే వంగింది. పండవెట్టి దాని మీద బండలు పెట్టిన.

సన్‌మైకా ఒక్క దిక్కే అంటిస్తే పలక వంకర పోతది, లోపలి దిక్కు కూడా ఏదో ఒక చౌక షీటు అంటించు. అంటుకునే దాకా బరువుకు పెరట్ల మిగిలిన పాలిష్ బండ ఉన్నది, కింద పాత పేపరు పరిచి పెట్టు. అంచుకు ప్లాస్టిక్ పట్టీ కొట్టాలంటే గాడి తియ్యాలె, ఆ పని నువ్వు వచ్చినంక పక్కనుండి చూపిస్త, ఉత్తరంల చెప్తే అర్థంకాదు.

కంది కోతలు మొదలైతే మీ నాయినకు వసారా కావాలె. అంతకు ముందే ఒక శనివారం రా. వచ్చేటప్పుడు తాండూరుల దిగి 35 ఎంఎం స్క్రూలు ఒక డబ్బా, రీపర్లు, మంచి పెన్సిల్ ఒకటి పట్టుకరా. మార్కర్ పెన్ను బ్యాగుల కనవడొద్దు.

ఇట్లు,
మీ పెద్దనాయిన