రెండు కేబుళ్లూ తగిలించు

చి. అమ్మలుకు,

నీ వాయిస్ మెసేజ్ విన్నాను. కొత్త కీబోర్డుకు యూఎస్‌బీ కేబుల్ పెట్టి, ఆడాసిటీలో రికార్డు నొక్కి ఎంత వాయించినా గీత కదల్లేదన్నావు. కీబోర్డు చెడిపోలేదమ్మా, షాపుకు పట్టుకెళ్లకు. చాలా కీబోర్డుల్లో ఆ కేబుల్‌లోంచి శబ్దం రాదు, మిడి మాత్రమే వస్తుంది. ఏ మెట్టు నొక్కావు, 0 నుంచి 127 లెక్కలో ఎంత బలంగా నొక్కావు, ఎప్పుడు వదిలావు అన్న వివరమే అది. స్వరం రాసిన కాగితం లాంటిది, చదివి పాడేవాళ్లు ఉంటేనే వినపడుతుంది. పైగా ఆడాసిటీ మిడిని రికార్డు చెయ్యదు. కొన్ని కొత్త మోడళ్లు అదే కేబుల్‌లో శబ్దాన్నీ పంపుతాయి. మాన్యువల్‌లో 'యూఎస్‌బీ ఆడియో' అన్న మాట ఉందేమో ముందు చూడు. ఉంటే కింద చెప్పే ఖర్చు నీకు తప్పినట్టే.

అలాగని మిడిని చిన్నచూపు చూడకు. ఒకప్పుడు ఒక కంపెనీ సింథసైజర్‌కూ ఇంకో కంపెనీ దానికీ పొత్తు కుదిరేది కాదు. అమెరికాలో డేవ్ స్మిత్, జపాన్‌లో రోలాండ్ స్థాపకుడు ఇకుతారో కకెహాషి వ్యాపారంలో పోటీదారులై ఉండి కూడా ఒకే పద్ధతికి ఒప్పుకున్నారు. 1983 జనవరిలో అమెరికాలో నామ్ అనే సంగీత వాద్యాల ప్రదర్శనలో స్మిత్ వాళ్ల ప్రాఫెట్-600నూ రోలాండ్ వాళ్ల జూపిటర్-6నూ కేబుల్‌తో కలిపి, ఒకదాని మీద వాయించి రెండోదాన్ని పలికించారు. 2013లో ఇద్దరికీ టెక్నికల్ గ్రామీ ఇచ్చారు. నన్నడిగితే ఆ గౌరవం ఎప్పుడో దక్కాల్సింది.

ఇక శబ్దం సంగతి. కీబోర్డు వెనక 'ఎల్/మోనో', 'ఆర్' అని రెండు అవుట్‌పుట్‌లు ఉంటే రెండింటికీ 6.35 మిల్లీమీటర్ల జాక్ కేబుళ్లు పెట్టు. స్టీరియో కావాలంటే రెండూ ఉండాలి. వాటిని ల్యాప్‌టాప్ పక్కనున్న హెడ్‌సెట్ రంధ్రంలోకి మాత్రం తీసుకెళ్లకు. అందులో లోపలికి వెళ్లే దారి మైక్ కోసం పెట్టింది. మైక్ ఇచ్చే సిగ్నల్ చాలా చిన్నది, కీబోర్డు ఇచ్చేది అంతకు ఎన్నో రెట్లు పెద్దది. అందుకే బరబరమని పగిలిపోతుంది, స్టీరియో కూడా పోతుంది. మీ నాన్న పాత డెస్క్‌టాప్ ఇంకా పనిచేస్తుంటే దాని వెనక లేత నీలం సాకెట్ ఉందేమో చూడు, అది లైన్ ఇన్. గులాబీ రంగుది మైక్, దాని జోలికి పోవద్దు. ప్రస్తుతానికి నీలం సాకెట్ చాలు. తర్వాత డబ్బు కూడితే రెండు ఇన్‌పుట్‌ల ఆడియో ఇంటర్‌ఫేస్ ఒకటి కొనుక్కో. దాని మీద 'లైన్', 'ఇన్‌స్ట్' అన్న మీట ఉంటే లైన్ వైపే పెట్టాలి, ఇన్‌స్ట్ గిటార్ కోసం. 48 వోల్టుల బటన్ కొన్ని మైకులకు కావాలి, నీకు అక్కర్లేదు.

లెవెల్ పెట్టేటప్పుడు కీబోర్డు వాల్యూమ్ ముప్పావు వంతు పెంచి, పాటలో అన్నిటికంటే గట్టిగా వాయించే చోటు వాయించు. మీటర్ మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆడేలా గెయిన్ తిప్పు. ఎర్ర లైటు ఒక్కసారి కూడా వెలగకూడదు. చిన్నగా రికార్డయితే తర్వాత పెంచుకోవచ్చు, పగిలిన శబ్దాన్ని మళ్లీ అతికించలేం. వెనకాల 'హమ్' అని వినిపిస్తే ల్యాప్‌టాప్ ఛార్జర్ తీసి చూడు. ఆగిపోయిందంటే చిక్కు ఎర్తింగ్‌లో ఉన్నట్టు. అప్పుడు అన్నిటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులో పెట్టు. ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరిచెయ్యమని ఎవరు చెప్పినా వినకు తల్లీ, ప్రాణం మీదికొస్తుంది.

నేను అసలు చెప్పదలచుకున్నది ఇది. రికార్డు చేసేటప్పుడు ఆడియో ఒక ట్రాకులో, మిడి ఇంకో ట్రాకులో, రెండూ ఒకేసారి ఎక్కించు. రీపర్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో ఇది సులువే, 60 రోజులు ఉచితంగా వాడి చూడొచ్చు. ఒక్క స్వరం తప్పు పడితే మిడిలో దాన్ని దిద్ది, కీబోర్డు చేతే మళ్లీ వాయించి రికార్డు చేసుకోవచ్చు.

మిడి ఒక్కటే చాలు, మంచి వయొలిన్ ప్లగిన్ పెట్టుకుంటే సరి అని స్నేహితులు అంటారు. నువ్వు తోడి రాగం వాయిస్తావు కాబట్టి ఇది జాగ్రత్తగా విను. గాంధారం మీద పిచ్ బెండ్ చక్రాన్ని నువ్వు ఊపినప్పుడు మిడి రాసుకునేది చక్రం ఎక్కడుందో అన్నది మాత్రమే. నడుమ 8192, ఆ చివర 16383. అది ఎన్ని స్వరస్థానాలు జరగాలో తేల్చేది శబ్దమిచ్చే వాద్యం. నీ కీబోర్డులో బెండ్ రేంజ్ 2 ఉండి, ప్లగిన్‌లో 12 ఉందనుకో, నువ్వు రెండు స్థానాలు జరిపిన చోట అది ఏకంగా పై స్థాయికి పోతుంది. ఇక తోడి ఎక్కడుంటుంది? అందుకే ముందు రెండింటి రేంజ్‌నూ సరిచూడు. సరిచూసినా, నీ చెవి వింటూ నీ చెయ్యి ఆపిన చోటు ఉన్నదున్నట్టు మిగిలేది ఆడియోలోనే. మన సంగీతం వాయించేవాళ్లు ఆడియో ట్రాకును ఎప్పుడూ చెరిపెయ్యకూడదని నా గట్టి అభిప్రాయం.

మెట్టు నొక్కాక శబ్దం ఆలస్యంగా వినిపిస్తే బఫర్‌ను 1024 నుంచి 256కు తగ్గించు. విండోస్ అయితే ఇంటర్‌ఫేస్‌తో వచ్చే ఏసియో డ్రైవర్ వాడు. ఒకే స్వరం రెండుసార్లు పలికితే కీబోర్డులో 'లోకల్ కంట్రోల్' ఆపు.

మొదటి రికార్డింగ్ ఎలా వచ్చినా నాకు పంపు. ఎంపీ3గా మార్చకుండా వేవ్ ఫైలునే డ్రైవ్‌లో పెట్టి లింకు ఇవ్వు, దానితో పాటు మిడి ఫైలు కూడా. రెండూ విన్నాక ఫోన్ చేస్తాను.

ఇట్లు,
పెదనాన్న