ఏది తక్కువైనదో అడుగుట

చదువవలసిన భాగము: అపొస్తలుల కార్యములు 18:24–28



మెట్‌పల్లి ప్రాంతపు పల్లెనుండి ఒక యౌవనస్థుడు ఇంజనీరింగు చదువు ముగించి, హైదరాబాదులో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ ఇంటర్వ్యూకు వెళ్లెను. బస్సు ఖర్చు, క్రొత్త చొక్కా, అన్నియు తల్లి బీడీలు చుట్టిన సొమ్మే. వారము దినములకు ఈమెయిలు వచ్చెను. మరియొకరిని తీసుకొంటిమి, మీకు మేలు కలుగునుగాక అని దానిలో రెండే వాక్యములు. ఆ ఆదివారము అతడు గుడికి రాలేదు. మరుసటి ఆదివారమును రాలేదు. ఏలయనగా గుడి మెట్లమీదనే మనము అడుగుదుము గదా: “ఏమాయె బిడ్డా, నౌకరి దొరికిందా?” దొరకలేదని చెప్పుట అతనికి కష్టమే. ఎందుకు దొరకలేదో తనకే తెలియకపోవుట మరింత కష్టము.

మన ప్రాంతములో ఇట్టి బిడ్డలు అనేకులున్నారు. కొండగట్టు దగ్గర నాచుపల్లిలో 2007లో జె.ఎన్.టి.యు. కళాశాల, బాసరలో 2008లో ట్రిపుల్ ఐటి వచ్చెను. కరీంనగరులో 2020లో ఐటి టవరు తెరచిరి. చదువు మన గడపయొద్దకు వచ్చినది. అయితే ఇంటర్వ్యూ గదిలో ఏమి జరుగునో చెప్పగలవారు మన ఇండ్లలో కొద్దిమందే.

అపొల్లో సంగతి చూడుడి. అలెక్సంద్రియవాడు, లేఖనములయందు గట్టివాడు, మాటకారి. అయినను అతనికి యోహాను బాప్తిస్మము మాత్రమే తెలియును. ఎఫెసు సమాజమందిరములో అతడు బోధించుచుండగా అకుల ప్రిస్కిల్లలు వినిరి. వారు పండితులు కారు, డేరాలు కుట్టి బ్రదుకువారు. పదిమందిలో అతని తప్పు పట్టలేదు. నీవు బోధకు పనికిరావు అనలేదు. చేర్చుకొని, తక్కువైన ఆ ఒక్క సంగతిని విశదపరచిరి. అంత విద్వాంసుడు డేరాలు కుట్టువారి మాట విని దిద్దుకొనెను. తరువాత సహోదరులు అకయవారికి పత్రిక వ్రాసి అతనిని పంపగా, అక్కడివారికి మిగుల సహాయకుడాయెను.

నేటి ఉద్యోగార్థులు ఫీడ్‌బ్యాక్ అనునది ఇదియే. అయితే కంపెనీలో ప్రిస్కిల్ల దొరకుట అరుదు. కారణము తెలిసికొందము. ఒక్క ఉద్యోగమునకు వందలకొలది దరఖాస్తులు వచ్చుట కద్దు. సాధారణముగా మొదట కంప్యూటరు మీద పరీక్ష, పిమ్మట కోడు వ్రాయించుట, పిమ్మట ఇంజనీర్లతో మాట, చివరకు హెచ్.ఆర్. వారితో మాట. ప్రతి దఫాలోను అడిగినవారు తమ అభిప్రాయమును వ్రాసికొందురు. కాబట్టి కారణము ఎక్కడనో వ్రాయబడియే యుండును. దానిని చెప్పిన వాదము పెరుగునని, కోర్టుదాక పోవునని కంపెనీలు జంకును. ఈమెయిలు పంపినవారు తరచుగా ఆ గదిలో లేనివారే. మరియు కొన్నిసార్లు మనవానిలో లోపమే యుండదు; ఆ పోస్టునే రద్దుచేసి యుందురు.

అడుగు హక్కు మనకు లేదా? సర్కారు పరీక్షలలో కొంత కలదు. 2005 సమాచార హక్కు చట్టము క్రింద, పరీక్ష వ్రాసినవాడు దిద్దబడిన తన జవాబు పత్రమును చూడవచ్చునని 2011 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. ఐరోపాలో ఇంకను ముందుకు పోయిరి. అకౌంటెంటు పరీక్షలో తప్పిన ఒక ఐర్లండు దేశస్థుని వ్యాజ్యములో, అతని జవాబులును వాటిపై పరీక్షకుడు వ్రాసిన మాటలును అతని సొంత సమాచారమే యని 2017 డిసెంబరులో అక్కడి న్యాయస్థానము పలికెను. ప్రయివేటు కంపెనీ మన సమాచార హక్కు చట్టము క్రిందికి రాదు గనుక అక్కడ మనము అడుగునది మనవియే.

మనవికి ఒక పద్ధతి కలదు. “నన్నెందుకు తీసుకోలే” అని వ్రాసిన జవాబు రాదు. అది తగవువలె వినబడును. కబురు వచ్చిన ఒకటి రెండు దినములలో ఇట్లు వ్రాయవలెను: “అయ్యా, నాకు సమయమిచ్చినందుకు వందనములు. మీ నిర్ణయమును గౌరవించుచున్నాను. రెండవ దఫాలో డేటాబేసు గూర్చిన ప్రశ్నకు నా జవాబులో ఏది తక్కువైనది? నేను ముందుగా దేనిని అభ్యసించిన మంచిది? ఒక్క మాట తెలిపిన చాలును.” వారము తరువాత మరియొకసారి గుర్తు చేయవచ్చును, అంతకు మించి వద్దు. జవాబు వచ్చిన యెడల కృతజ్ఞత చెప్పవలెను. అది అన్యాయముగా తోచినను వాదింపరాదు.

జవాబు రానిచో? తిరుగు బస్సులోనే అడిగిన ప్రతి ప్రశ్నను, తాను చెప్పినదానిని వ్రాసికొనవలెను. తెల్లవారిన సగము మరచిపోవును. ఆ కాగితముతో, మన ఊరినుండి పోయి బెంగుళూరులోనో డాలసులోనో పనిచేయుచున్న అన్ననో అక్కనో ఫోనులో పట్టుకొని, మరల ఇంటర్వ్యూ చేయించుకొనవలెను.

ఇక మన సంగతి. బిడ్డ వట్టి చేతులతో వచ్చినప్పుడు “పైరవీ లేక రాలే” అందుము, లేక “దేవుని చిత్తము కాదు” అందుము. మొదటి మాట కొన్నిచోట్ల నిజమైనను కావచ్చును. కాని ఆ రెంటిలో ఏది అన్నను బిడ్డకు నేర్చుకొనుటకు ఏమియు మిగులదు. ప్రిస్కిల్ల అపొల్లోను అట్లు పంపివేయలేదు.

మెట్‌పల్లి యౌవనస్థుడు ఆ మొదటి కంపెనీకి వ్రాసెను, జవాబు రాలేదు. మూడు నెలలకు రెండవ కంపెనీయు తీసుకొనలేదు. అక్కడికి వ్రాయగా ఒక ఇంజనీరు బదులిచ్చెను: కోడు సరిగానే వ్రాసితివి, అయితే వ్రాయునంతసేపు నోరు విప్పలేదు, నీ ఆలోచన ఏ దారిన పోవుచున్నదో మాకు తెలియలేదు అని.

ఇది చదివినప్పుడు మాకు సిగ్గు కలిగెను. పెద్దల యెదుట నోరు మెదపరాదని ఆ బిడ్డకు ఇంటను, బడిలోను, సండేస్కూలులోను నేర్పినది మనమే గదా.

ఇప్పుడు సాయంకాలములందు అతడు తల్లి చాట ప్రక్కన కూర్చుండి, లెక్కను పైకి చెప్పుచు కోడు వ్రాయుచున్నాడు. ఆమెకు ఒక్క ముక్క తెలియదు. తునికాకు కత్తిరించుచునే, అతడు ఆగినప్పుడెల్ల “ఆఁ, తర్వాత?” అనుచున్నది. నౌకరి ఇంకను దొరకలేదు. గడచిన ఆదివారము అతడు గుడికి వచ్చెను, మెట్లమీద ఒక పెద్దాయన, “ఈసారి ఏం అడిగిండ్రు బిడ్డా?” అని విచారించెను. ఆరాధన గంట కొట్టువరకు అతడు చెప్పుచునే యుండెను.